తొట్టి నీలంగా ఎందుకుంది

ఏప్రిల్ 26, ఆదివారం

చెల్లీ,

నీ పిట్ట క్షేమంగా చేరింది. బస్సు దిగీ దిగగానే, "పెద్దమ్మా, మీ వీధంతా ఫినాయిలు వాసన వస్తోందేం?" అంది. వీధి కాదమ్మా, నేనే, అన్నాను. చిన్నప్పుడు మీరంతా కలిసి తగిలించిన 'ఫినాయిలు' అనే పేరు నన్ను వదల్లేదు. ఇక వాసన మాత్రం ఎందుకు వదలాలి?

ఉత్తరాలే రాసుకుందామన్న ఒప్పందం నాకు గుర్తుంది. నిరుడు ఫోన్లో ఒకరి మీద ఒకరం అరుచుకుని ఎనిమిది నెలలు మాటల్లేకుండా ఉన్నాం. కాగితం మీదైతే నువ్వు నా మాట మధ్యలో తుంచలేవు. మా కింది వాటాలో ఉండే బస్సు డ్రైవరు రోజూ పొద్దున మీ ఊరొచ్చి సాయంత్రానికి తిరిగొస్తాడు. ఆయన చేతికిస్తే అదే రోజు అందుతుంది.

ఇక మా వీధి వైభోగం విను. ఈ వేసవికి 'ఆరోగ్య కుటుంబం, ఆనంద వీధి' అని ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. పెట్టింది మైకు. మైకంటే మా వీధి సంఘం కార్యదర్శి. నలుగురు కనిపిస్తే చాలు గొంతు సవరించుకుంటాడు, అందుకే ఆ పేరు. పొద్దున ఆరింటికి నవ్వుల క్లాసట. ముప్పై మంది పళ్ళయినా తోముకోకుండా వచ్చి, గుండ్రంగా నిలబడి, ఒకరి మొహం మీద ఒకరు హహ్హహ్హా అని నోళ్ళు తెరుస్తారు. అందరికన్నా పెద్దగా నవ్వేది పళ్ళ డాక్టరు. ఆయన ఎదురుగా నిలబడితే వేరే స్నానం అక్కర్లేదు. ఒక్కరోజు వెళ్ళి, ఇంటికొచ్చి మూడుసార్లు మొహం కడుక్కున్నాను. సాయంత్రం పుచ్చకాయ పంపకం. ఒకటే కత్తి, వందమంది చేతులు, వెయ్యి ఈగలు. ఆ కత్తిని మైకు భార్య మధ్యమధ్యలో చీర కొంగుకి తుడుస్తుంది. ఛీ!

వీటన్నిటినీ మించింది పిల్లల తొట్టి. వీధి మధ్యలో మోకాలి లోతు సిమెంటు తొట్టి ఉంది. ఎండలు ముదిరిన దగ్గర్నుంచి వానలు పడేదాకా నింపి ఉంచుతారు. మూడు రోజులకొక ఇంటి వంతు. వంతు వచ్చినవాళ్ళు పాత నీళ్ళు వదిలేసి, అడుగు రుద్ది, కొత్త నీళ్ళు పట్టి, ఆ పొడుగు బ్రష్షు తీసుకెళ్ళి పక్కింటి గుమ్మానికి ఆనించాలి. గుమ్మానికి బ్రష్షు ఆనిందంటే ఇక ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. పద్ధతి బంగారం. మనుషులే మట్టి. మొన్న మైకు వాళ్ళ వంతు అయ్యాక చూశాను. నీళ్ళ మీద తల వెంట్రుకలు, ఎవరి పుండు మీదిదో ఒక బ్యాండేజీ, ఉమ్ము.

పిట్టని దాని దరిదాపులకి కూడా పోనివ్వను. నువ్వు నిశ్చింతగా ఉండు.

పిల్లల్లేని ఇంటి గుమ్మంలో ఒక చిన్న చెప్పుల జత కనిపిస్తే ఎలా ఉంటుందో నీకు చెప్పినా తెలియదు. మీ బావ పొద్దున్నే లేచి వాటిని పక్కపక్కన సర్ది పెడుతున్నాడు.

ముక్కు మూసుకుని బతుకుతున్న
మీ అక్క


ఏప్రిల్ 29, బుధవారం

అక్కా,

నీ ఉత్తరం ల్యాబులో అందరికీ చదివి వినిపించాను. పళ్ళ డాక్టరు దగ్గరికొచ్చేసరికి మా అటెండరు టీ కింద పోసుకున్నాడు. 'ఎవరి కంపు వారికింపు' అంటారు గానీ, నీకు ఈ లోకంలో ఎవరి కంపూ ఇంపు కాలేదు కదా.

మాకు ఊపిరాడటం లేదు. ఎండలు ముదిరితే బావులు అడుగంటుతాయి, అడుగంటితే జనానికి వాంతులు, విరేచనాలు. పొద్దున జీపెక్కి ఊరూరూ తిరిగి సీసాల్లో నీళ్ళు పట్టుకొస్తాను, మధ్యాహ్నం నుంచి వాటిని పరీక్ష చేస్తాను. నువ్వు నాకు పెట్టిన 'సీసా' అన్న పేరు ఊరికే పోలేదు. మీ మరిదేమో రోజంతా కరెంటు స్తంభాల మీదే ఉంటున్నాడు. వేసవిలో మా ఇంట్లో మనుషులుండరు, తాళంకప్పే ఉంటుంది. నువ్వు లేకపోతే పిట్టని ఏం చేసుకునేదాన్నో.

చెవి సంగతి మళ్ళీ రాస్తున్నాను, విసుక్కోకు. చలికాలంలో దాని కుడి చెవిలో కర్ణభేరికి అతుకు వేశారు. అతుకు పూర్తిగా పట్టుకునేదాకా, అంటే జూలై వరకు, లోపలికి చుక్క నీరు పోకూడదు. స్నానానికి ముందు దూదికి వాజలైను పూసి చెవిలో పెట్టు. తల మాత్రం ముంచనివ్వకు. ఈ అతుకు ఊడితే ఆ చెవి మళ్ళీ వినడం కష్టమని డాక్టరు నా మొహం మీదే చెప్పాడు.

మా అత్తగారు తన దగ్గర ఉంచమన్నారు. నేనే వద్దన్నాను. నీ శుభ్రం మీద నాకున్న నమ్మకం ఆ ఆపరేషన్ చేసిన డాక్టరు మీద కూడా లేదు.

నీ
సీసా


మే 11, సోమవారం

చెల్లీ,

ఉత్తరం ఆలస్యమైంది. ఎందుకైందో వింటే సంతోషిస్తావు. మా వీధికి 'ఉత్తమ వీధి' మొదటి బహుమతి వచ్చింది. వచ్చింది ఎవరి చలవ? మీ అక్క చలవ.

మునిసిపల్ ఆఫీసు వాళ్ళు ఆదివారం పొద్దున్నే చూడటానికి వస్తున్నారని శుక్రవారం మైకు చాటింపు వేశాడు. శనివారం సరిగ్గా బ్రష్షు మా గుమ్మానికి ఆనింది. ఆ రోజే చూసుకుని కుళాయి ఎండిపోయింది. వీధంతా ఇక పరువు పోయినట్టే అనుకున్నారు. నేను ఊరుకుంటానా? ఆదివారం ఆఫీసు నుంచి వచ్చినావిడ తొట్టి దగ్గర నిలబడిపోయి, "అబ్బ! నేల మీదికి ఆకాశం దిగినట్టుందండీ" అంది. నీలంగా తళతళలాడిపోయింది తొట్టి. ఫోటోలు తీశారు. మైకు నన్ను పక్కన నిలబెట్టుకుని మూడుసార్లు నా పేరు చదివాడు. రోజూ నన్ను చూసి మొహం తిప్పుకునే పక్కింటి టీచరమ్మ కూడా చప్పట్లు కొట్టక తప్పలేదు.

ఆ ఫోటోల్లో పిట్ట కూడా ఉంది. ఎంత ముద్దుగా ఉందో.

ఇప్పుడు బ్రష్షు టీచరమ్మ గుమ్మానికి ఆనించాను. ఆవిడ ఏం వెలగబెడుతుందో చూడాలి. వాళ్ళింట్లో అంట్లు రెండేసి రోజులు సింకులోనే నానుతాయి. కిటికీ తెరిస్తే పాచి కంపు మా వంటింట్లోకి వస్తుంది. పిల్లలకి శుభ్రం గురించి పాఠాలు చెప్పేది మాత్రం ఆవిడే!

మీ
అక్క


మే 14, గురువారం

అక్కా,

బహుమతికి అభినందనలు. ఆ కాగితం ఫ్రేము కట్టించి బావ నెత్తి మీద వేలాడదియ్యి.

ఒక్క సందేహం. మోకాలి లోతు తొట్టి నీలంగా ఎందుకుంది? అంత తక్కువ లోతు నీళ్ళకి రంగుండదు. అడుగున ఉన్న సిమెంటు బూడిద రంగే పైకి కనపడాలి. అసలు కుళాయి రాని రోజున కొత్త నీళ్ళు ఎక్కడివి? ఎవరైనా మందేమైనా కలిపారా? రోజూ చేసే పని కదా, అలవాటు కొద్దీ అడుగుతున్నాను. ఏమీ అనుకోకు.

ఇంకోటి. నిన్న మీ డ్రైవరు ఉత్తరం తీసుకోవడానికి వచ్చి, "పాప మాటిమాటికీ చెవి రుద్దుకుంటోందమ్మా" అన్నాడు. కుడి చెవా, ఎడమ చెవా అంటే ఆయనకి తెలియదు. నువ్వు చెప్పు.

నీ
సీసా


మే 17, ఆదివారం

చెల్లీ,

పరీక్షలు మీ ల్యాబులో పెట్టుకో, నాకు పెట్టకు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం కాదు నేను.

అయినా నీ అనుమానం ఉత్తది కాదు. చెబితే నీకే డోకొస్తుంది. మంగళవారం టీచరమ్మ వంతు పూర్తయిందన్నారు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. నీళ్ళు వదల్లేదు, అడుగు రుద్దలేదు. పైన తేలే నాలుగు ఆకులు ఏరేసి, కొంగు చాటు నుంచి ఒక పొట్లం తీసి చల్లింది. నీలిమందు! తెల్లబట్టలకి పెట్టే నీలిమందే! చల్లి, కర్రతో కలిపి, బ్రష్షు పట్టుకెళ్ళి పళ్ళ డాక్టరు గుమ్మానికి ఆనించింది. శుక్రవారం ఆయనా అంతే. చదువుకున్నవాడు, నలుగురి నోళ్ళల్లో చేతులు పెట్టేవాడు! పైన పటారం, లోన లొటారం. రేపు టైలరు వంతు. ఆయన కొట్టులో బల్ల కింద నీలిమందు డబ్బా అప్పుడే సిద్ధంగా ఉంది. వీధిలో పిల్లలందరి అరికాళ్ళు నీలంగా ఉన్నాయి. పట్టుకుంటే జిగురు.

ఆ పాత నీళ్ళలోనే పిల్లలు మునుగుతున్నారు, పుక్కిలిస్తున్నారు, అవే ఒంటికి పోసుకుంటున్నారు. అడిగితే "చూడండి ఎంత బాగుందో" అంటారు. ఈ మనుషుల మధ్య ఉండటానికి నాకు ఒళ్ళు జలదరిస్తోంది.

పిట్టకి కాస్త జలుబు, అంతే. అందుకే చెవి దురద.

మీ
అక్క


మే 19, మంగళవారం

అక్కా,

రాత్రి బావ ఫోన్ చేశాడు. పిట్ట దిండు మీద పచ్చటి మరకలున్నాయట, రెండు రోజులుగా. నువ్వు దిండు గలీబులు మారుస్తున్నావట, నాకు మాత్రం జలుబని రాశావు. ఆ తర్వాత నాలుగుసార్లు నీకు ఫోన్ చేశాను. ఒప్పందం గుర్తొచ్చిందో ఏమో, ఎత్తలేదు.

ఈ రోజే చెవి డాక్టరుకి చూపించు. నేను ఇప్పుడే బయల్దేరాలి, కానీ మూడు ఊళ్ళలో జనం మంచాన పడ్డారు, సీసాలు వరసకట్టి ఉన్నాయి. ఆదివారం వస్తాను.

డ్రైవరుతో ఒక సీసా పంపుతున్నాను. లోపల కడిగి, కాచి పెట్టాను. మూత తీసి, తొట్టి మధ్యలో ముంచి, నిండాక మూత బిగించి, ఐసుముక్కల మధ్య పెట్టి పంపు. మూత లోపలి వైపు వేలు తగలనివ్వకు. పిట్ట కూడా ఏదైనా రాస్తే అదే సంచిలో పెట్టు.

ఒక్క ప్రశ్న. పిట్టని తొట్టిలోకి దిగనిచ్చావా? అవునో కాదో ఒక్క ముక్క రాయి చాలు.

సీసా


మే 20, బుధవారం

చెల్లీ,

డాక్టరుకి చూపించాను. చీము పట్టిందన్నాడు. ఆయన దూదిపుల్ల పెట్టి తీసినప్పుడు వచ్చిన వాసన నాకు తెలిసిన వాసనే. తొట్టి వాసన. పిట్ట ఏడవలేదు, నా చీర కుచ్చిళ్ళు గుప్పిట పట్టుకుని కూచుంది. చుక్కల మందు ఇచ్చాడు. అతుకు నిలిచిందో లేదో వాపు తగ్గాకే తెలుస్తుందట.

నన్నే అడుగుతావా, దిగనిచ్చావా అని? ఇరవై ఏళ్ళుగా గుమ్మానికి చెయ్యి తగిలినా కడుక్కునే మనిషిని! పోయి ఆ టీచరమ్మని అడుగు, ఆ పళ్ళ డాక్టరుని అడుగు, టైలరుని అడుగు. తిలా పాపం తలా పిడికెడు అని అందరూ పంచుకుని, పసిపిల్ల చెవి కుళ్ళబెట్టారు. ఆదివారం సాయంత్రం వీధి సంఘం సమావేశం పెట్టించాను. ఒక్కొక్కరినీ నిలబెట్టి కడిగేస్తాను. 'ఆరోగ్య కుటుంబం' అట! ఆ బ్యానరు చూస్తే వాంతి వస్తోంది.

సీసా నింపి పంపుతున్నాను. పిట్ట ఏదో రాసి కవరు అంటించింది, నాకు చూపించలేదు. అదీ సంచిలోనే ఉంది.

మీ
అక్క


మే 23, శనివారం

అక్కా,

నీ సీసా పరీక్ష పూర్తయింది. మా ఫారంలో మొదటి గడి 'కంటికి ఎలా ఉంది' అని ఉంటుంది. మా కుర్ర టెక్నీషియను అందులో 'ఆహ్లాదకరంగా ఉంది' అని రాశాడు. కింది గడుల్లో ఉన్నవన్నీ మనుషుల పేగుల్లో ఉండాల్సినవి. మూడు ఊళ్ళ బావుల నీళ్ళు దానికన్నా నయం.

ఇక పిట్ట ఉత్తరం. అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"అమ్మా, పెద్దమ్మ చాలా తెలివైంది. కుళాయి రాలేదని అందరూ ఏడుస్తుంటే పెద్దమ్మ ఆకులు తీసేసి నీలిమందు వేసి తొట్టిని ఆకాశం చేసింది. ఎవరికీ చెప్పద్దంది. నేను టీచరమ్మ వాళ్ళ అమ్మాయికి ఒక్కదానికే చెప్పాను. ఫోటోకి నన్నే మొదట దింపారు. పెద్దమ్మ దూది పెట్టింది. ఆఫీసు ఆంటీ మునుగు మునుగు అంది. నేను పెద్దమ్మ వైపు చూశాను. పెద్దమ్మ నవ్వుతోంది. మునిగాను. అందరూ చప్పట్లు కొట్టారు. చెవి నొప్పి చెబితే పెద్దమ్మకి బాధ అని చెప్పలేదు."

రేపు వస్తాను. దాని బట్టలు సర్ది ఉంచు.


మే 26, మంగళవారం

చెల్లీ,

ఆదివారం నువ్వు గుమ్మం దాటి లోపలికి రాలేదు. మంచినీళ్ళు ఇస్తే వద్దన్నావు. నా ఇంట్లో నీళ్ళు వద్దన్న మొదటి మనిషివి నువ్వే. నీ తప్పేం లేదు.

అవును. నువ్వడిగిన ఒక్క ముక్క ఇదే. దిగనిచ్చాను.

ఎందుకని అడుగుతావేమో. మురికిని నేను ఎప్పుడూ మనుషుల్లో చూశాను, నీళ్ళలో కాదు. మైకు వాళ్ళు పట్టిన నీళ్ళయితే ఉమ్ము కనిపిస్తుంది. అలాంటి నీళ్ళే నా చేత్తో నీలిమందు కలిపితే నాకు శుభ్రంగా కనిపించాయి. నేను చేశాను కదా, ఇంకేం అనుకున్నాను. ఆ ఆఫీసావిడ మునగమన్నప్పుడు పిట్ట నా వైపు చూసిన మాట నిజం. వద్దని తల ఊపడానికి అర నిమిషం కూడా పట్టదు. అప్పుడే ఫోటో తీస్తున్నారు, నేను నవ్వు చెదరకుండా నిలబడ్డాను.

ఆ సాయంత్రం సమావేశంలో లేచి నిలబడి, మొదట వేసింది నేనే అని చెప్పాను. తిడతారనుకున్నాను. ఉమ్మేస్తారనుకున్నాను. అందరూ నవ్వారు. టీచరమ్మ నా చెయ్యి పట్టుకుని, "పోనిద్దురూ, మీరు చేశారనే కదా మేమూ చేశాం. మీకన్నా శుభ్రం ఎవరికి తెలుసు?" అంది. మైకేమో, "బహుమతి వెనక్కివ్వక్కర్లేదు లెండి, మన మధ్యనే ఉంచుకుందాం" అన్నాడు. ఒక్క క్షణం నా గుండె తేలికైంది చూడు, ఆ క్షణం తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతోంది. వాళ్ళని ఇన్నాళ్ళూ ఏవేవో అన్నాను. వాళ్ళ పక్కన నిలబడ్డానికి నాకు మంచి చోటే దొరికింది.

నిన్న నేనొక్కదాన్నే తొట్టి నీళ్ళు వదిలాను. నీలం పోయాక అడుగున గోరు మందాన పాచి, చేతికి అంటితే వదలని జిడ్డు. పొరలు పొరలుగా ఊడింది. నేను ఆ శనివారం రుద్ది ఉంటే వీటిల్లో ఒక్కటీ ఉండేది కాదు. మోకాళ్ళ మీద కూచుని రుద్దాను. కాసేపటికి డ్రైవరు వచ్చి ఇంకో బ్రష్షు పట్టుకున్నాడు. మిగతావాళ్ళు కిటికీల్లోంచి చూశారు. బహుమతి కాగితం ఈ పొద్దున ఆఫీసులో ఇచ్చేసి వచ్చాను. తీసుకున్న గుమాస్తా ఇలా వెనక్కివ్వడానికి ఫారం లేదన్నాడు. బల్ల మీద పెట్టి వచ్చేశాను.

మీ బావ నాతో మాట్లాడటం లేదు. గుమ్మం దగ్గర పిట్ట చెప్పులుండే చోటు ఖాళీగా ఉంది. పొద్దున ఆయన అలవాటుగా అక్కడికి వంగి, మళ్ళీ లేచాడు.

చెవి ఎలా ఉందో రాయి. నన్ను క్షమించమని అడగను. చెవి సంగతి రాయి చాలు.

అక్క


జూన్ 6, శనివారం

అక్కా,

నిన్న వినికిడి పరీక్ష చేశారు. చీము తగ్గింది. అతుకు ఊడిపోయింది. కుడి చెవికి గోడ గడియారం చప్పుడు కూడా అందటం లేదు. చలికాలంలో మళ్ళీ ఆపరేషన్ చేస్తామన్నారు, ఈసారి అతుకు పట్టుకుంటుందని మాటివ్వలేమన్నారు.

నాకు కోపం పోలేదు. పోయిందని రాస్తే అదీ నీలిమందే అవుతుంది. నిన్ను ఎప్పటికి చూడగలనో తెలియదు. నీ మీద కన్నా నా మీద నాకు ఎక్కువ కోపం. నీళ్ళు నీలంగా ఉన్నాయని నువ్వు రాసిన రోజునే నేను జీపెక్కి అక్కడికి రావాల్సింది. ఊళ్ళో వాళ్ళ బావులన్నీ చూశాను, నా పిల్ల మునిగిన తొట్టిని మాత్రం నీ మాట మీద వదిలేశాను.

పిట్టకి ఇవేవీ పట్టవు. ఆపరేషన్‌కి నువ్వొస్తావా అని రోజూ అడుగుతోంది. నాకు తెలియదన్నాను. ఈ ఉత్తరం రాస్తుంటే నా భుజం మీద నుంచి చూసి, ఒక ముక్క రాయమంది. దాని మాటే రాస్తున్నాను.

"పెద్దమ్మ వస్తే నా ఎడమ పక్కన కూచోమను. అటైతే పెద్దమ్మ మాటలు వినిపిస్తాయి."

సీసా